వైజాగ్ రైలు ఎక్కే ముందు బిస్సంకటక్ గుర్తు తెచ్చుకోండి

ఒడిశాలోని మన రాయగడలో తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా మొదట వినిపించే మాట "వైజాగ్ తీసుకెళ్లిపోదాం". అందులో వింతేం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీ కిందే ఉండేవి, మన చుట్టరికాలూ పెళ్లి సంబంధాలూ ఇప్పటికీ అటే, రైలూ అటే. గుండె ఆపరేషనో మోకాలి ఆపరేషనో అయితే వెళ్లండి, మా ఇంట్లోవాళ్లమూ వెళ్తాం. కానీ ఇక్కడ మనుషుల ప్రాణం మీదకి వచ్చేవి వేరే ఉన్నాయి. తలకెక్కే మలేరియా, పాముకాటు, కాన్పయ్యాక ఆగని రక్తం. వీటికి దాదాపు 200 కిలోమీటర్ల అవతల ఎంత పెద్ద ఆసుపత్రి ఉన్నా ఆ గంటకి మనకి లేనట్టే.

దగ్గర్లో ఉన్నది బిస్సంకటక్ క్రిస్టియన్ హాస్పిటల్. రాయగడ నుంచి మునిగుడ వైపు వెళ్లే రైల్లో కాసేపట్లో దిగిపోవచ్చు. 1954లో ఎలిజబెత్ మాడ్సెన్ అనే డెన్మార్క్ డాక్టరమ్మ మొదలుపెట్టారు. ప్రైవేటే గానీ లాభాల కోసం నడిచేది కాదు. నియమగిరి కొండల నుంచి దిగే డోంగ్రియా కొంధు గిరిజనులకీ, కింద పల్లెల్లో కూలి చేసుకునేవాళ్లకీ, బజార్లో కొట్టు పెట్టుకున్న మనలాంటివాళ్లకీ అందరికీ అదే ఆసుపత్రి. కొంధుల కువి భాష, ఒడియా, తెలుగు ఒకే వరండాలో వినిపిస్తాయి.

ఒకసారి మా చిన్నాన్న వాళ్ల చేలో పత్తి తీస్తుంటే కూలికి వచ్చినాయన్ని రక్తపింజర కరిచింది. గట్టు మీద పెద్ద గొడవ, ఒకరు మంత్రం వేయిద్దాం అంటారు, ఇంకొకరు కాలికి తాడు బిగించి కట్టమంటారు, ఒకాయనైతే సాయంత్రం వైజాగ్ బండికి టైమెంతో చూడమంటున్నాడు. చిన్నాన్న ఎవరి మాటా వినకుండా బండి మీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టి నేరుగా బిస్సంకటక్ తీసుకొచ్చేశాడు, వెనకాల మేమూ వెళ్లాం. అక్కడ నర్సమ్మ చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. కాస్త రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టి, ఎవర్నీ ముట్టుకోవద్దంది. 20 నిమిషాలు. గోడ గడియారం చూస్తూ మాకు ఒకటే టెన్షన్. టైమవ్వగానే గొట్టాన్ని మెల్లగా వంచింది. మామూలు మనిషిదైతే అప్పటికి గడ్డకట్టి కదలదు, ఆయనది నీళ్లలా జారింది. అంటే విషం రక్తంలో కలిసిందన్నమాట, వెంటనే విరుగుడు సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. ఆరు గంటలయ్యాక మళ్లీ అదే పరీక్ష. లక్షల మిషన్లు అక్కర్లేని పరీక్ష అది, కావాల్సిందల్లా అది చేయడం తెలిసిన మనిషి, చేతికందేంత దూరంలో మందు. ఆయన బతికాడు, మరుసటి ఏడు పత్తికి కూడా వచ్చాడు.

కట్లపాము సంగతి ఇంకా ఘోరం. నేల మీద పడుకున్నవాళ్లని రాత్రి కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. అజీర్తి అనుకుని సోడా తాగించి కూర్చుంటే ఊపిరి ఆగిపోతుంది. ఇలాంటప్పుడు కట్లు కట్టకుండా, గాటు కోయకుండా, మనిషిని ఎక్కువ కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చాలి, అంతే.

ఇక మలేరియా. వానాకాలం జ్వరం రాగానే మనవాళ్లు ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షను, ఒక సెలైన్ సీసా పెట్టించుకుని తగ్గిందనుకుంటారు, ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకమైతే ఆ రెండు మూడు రోజుల్లోనే మెదడుకి ఎక్కేయొచ్చు. వేలి మీద ఒక్క చుక్క రక్తంతో కిట్ పరీక్ష పావుగంటలో తేలుతుంది. 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ పేరుతో మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్షలు చేసి, క్రిమి ఉన్నవాళ్లందరికీ మందులిచ్చి, దోమతెరలు పంచింది, ఆ తర్వాత కేసులు బాగా తగ్గాయి. జ్వరం లేనివాళ్లకి ఎందుకంటారా? పైకి బాగానే ఉన్న మనిషి ఒంట్లోనూ క్రిమి ఉంటుంది, అతన్ని కుట్టిన దోమ పక్కింటి పసిబిడ్డకి చేరవేస్తుంది. బిస్సంకటక్ ఆసుపత్రి వాళ్ల మిత్ర విభాగం అంతకు ముందు నుంచే కొండ ఊళ్లకి వెళ్లి మలేరియా మీదా, తల్లీబిడ్డల ఆరోగ్యం మీదా పనిచేస్తోంది. నాకు ఆ ఆసుపత్రి మీద గౌరవం పెరిగింది ముఖ్యంగా ఇందుకే. రోగి వచ్చేదాకా ఆగకుండా, రోగం పుట్టే చోటికే వెళ్లారు.

అక్కడ నర్సింగ్ కూడా నేర్పుతారు. మన పిల్లల్ని వైజాగ్‌లోనో బరంపురంలోనో చేర్చాలని తిరిగే తల్లిదండ్రులు దాని గురించి కనీసం కనుక్కోరు, అదే నా బాధ. ఇక్కడి భాషా ఇక్కడి రోగాలూ తెలిసిన నర్సులు ఈ జిల్లాకి ఎంతమంది ఉన్నా చాలరు. మీ ఇంట్లో ఇంటర్ బైపీసీ చదువుతున్న అమ్మాయి ఉంటే ఒక్కసారి బిస్సంకటక్ తీసుకెళ్లి వార్డు చూపించండి, ఆ తర్వాత ఎక్కడ చేరాలో ఆ పిల్లే చెబుతుంది.