కుక్కపిల్లకి డిపాజిట్ కట్టే ముందు ఆ రెండు ఆంక్షల సంగతి అడగండి

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ల గ్రూపుల్లో ఈ గొడవ తరచూ చూస్తున్నాను. "కెన్నెల్ క్లబ్ రిజిస్టర్డ్ లాబ్రడార్ అని అంత డబ్బు పోసి కొన్నాం, ఇప్పుడు దాని పిల్లల్ని రిజిస్టర్ చేయం అంటున్నారు, ఇదెక్కడి మోసం?" అని. చాలాసార్లు అది మోసం కాదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద అచ్చువేసి ఉంటుంది, మనమే పైన ఉన్న పేరూ, రంగూ చూసుకుని మురిసిపోయి కింద లైను చదవం.

కెన్నెల్ క్లబ్ అంటే ఇక్కడ జాతి కుక్కల్ని నమోదు చేసే సంస్థ. కుక్కపిల్లల్ని అందులో నమోదు చేయించేది బ్రీడరే. ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నిటినీ ఒకేసారి నమోదు చేస్తారు. ఆ సమయంలో బ్రీడర్ కావాలనుకుంటే ఒక్కో పిల్ల మీద రెండు రకాల ఆంక్షలు పెట్టొచ్చు, వీటిని ఎండార్స్‌మెంట్లు అంటారు. ఒకటి, ఈ కుక్కకి పుట్టే పిల్లల్ని నమోదు చేయరు. రెండోది, ఈ కుక్కకి ఎక్స్‌పోర్ట్ పెడిగ్రీ, అంటే వేరే దేశపు క్లబ్‌లో నమోదుకి పనికొచ్చే వంశావళి కాగితం, ఇవ్వరు. మొదటిదాన్ని 'ఆర్' అనీ రెండోదాన్ని 'ఎక్స్' అనీ అంటుంటారు. ఒకటే పెట్టొచ్చు, రెండూ పెట్టొచ్చు, అసలేమీ పెట్టకపోవచ్చు.

ఇందులో అందరూ తికమకపడేది ఒకటుంది. 'ఆర్' ఉంటే కుక్కకి పిల్లలు పుట్టకూడదని కాదు, 'ఎక్స్' ఉంటే కుక్క విమానం ఎక్కకూడదనీ కాదు. ఆగేది కాగితం మాత్రమే. కానీ జాతి కుక్కల వ్యవహారంలో కాగితం లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌లో కుక్కపిల్ల కొన్న ఎవరినడిగినా చెబుతారు, అక్కడ విత్ పేపర్స్ ఒక రేటు, వితౌట్ పేపర్స్ ఇంకో రేటు. ఇంకో మెలిక ఏంటంటే 'ఆర్' మగకుక్కకీ వర్తిస్తుంది. మీ ఆడకుక్క మీద ఏ ఆంక్షా లేకపోయినా, క్రాసింగ్‌కి తెచ్చిన మగకుక్క మీద ఉందంటే ఆ ఈతకి రిజిస్ట్రేషన్ రాదు. పక్కవీధి స్నేహితుడి కుక్క కదా, బాగుంది కదా అని తొందరపడేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

మరి బ్రీడర్లు ఎందుకు పెడతారు? డబ్బు కోసమే, పోటీ రాకుండా ఉండటానికే అని మా బావ వాదన. కొందరి విషయంలో అదీ నిజమే కావొచ్చు. కానీ లాబ్రడార్‌నే తీసుకోండి. తుంటి కీలు సరిగ్గా అమరని జబ్బు ఈ జాతిలో మామూలు. కుక్కకి ఏడాది నిండాక ఎక్స్‌రే తీయించి పంపితే రెండు తుంటులకీ కలిపి 0 నుంచి 106 దాకా స్కోర్ ఇస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. మోచేతికి 0 నుంచి 3 దాకా గ్రేడు. చూపు మెల్లమెల్లగా పోయే పీఆర్ఏ అనే వంశపారంపర్య జబ్బుకి డీఎన్ఏ పరీక్ష ఉంది. ఎనిమిది వారాల పిల్లని మీ చేతిలో పెట్టేటప్పుడు దాని తుంటి రేపు ఎలా ఉంటుందో బ్రీడర్‌కి తెలియదు కదా. అందుకని తాళం వేసి ఉంచి, పరీక్షలు చేయించి రిపోర్టులు చూపించండి, అప్పుడు తీస్తాను అంటారు. నాకైతే ఇందులో తప్పేమీ కనిపించదు.

తప్పు వచ్చేది వేరేచోట. పెట్టినవాళ్లే ఆ ఆంక్ష తీయాలి, మామూలుగా ఇంకెవరూ తీయలేరు. కాబట్టి "చూద్దాంలే, తర్వాత మాట్లాడుకుందాం" అని నవ్వుతూ చెప్పే బ్రీడర్ దగ్గర నాకు టెన్షన్. రెండేళ్ల తర్వాత ఆయన ఫోన్ ఎత్తకపోతే ఎవరిని పట్టుకుంటారు? క్లబ్ నియమం కూడా ఒకటుంది, ఆంక్ష ఉన్న సంగతి తెలుసని పిల్లని అప్పగించే రోజుకో అంతకుముందో కొనేవాళ్లతో సంతకం చేయించుకోవాలి. ఆ సంతకం కాగితం బ్రీడర్ చూపించలేకపోతే, కొన్నవాళ్లు అడిగినప్పుడు క్లబ్బే ఆంక్ష ఎత్తేసే అవకాశం ఉంటుంది. అందుకే సంతకం పెట్టే ముందు చదవండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

మా బావ కుక్కపిల్లని కొన్నప్పుడు బ్రీడర్ ఒక పెద్దావిడ, తన వంటగది బల్ల మీదే ఆ సంతకం కాగితం పెట్టింది. కింద తల్లికుక్క చెప్పు నములుతూ పడుకుని ఉంది. (2020 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో మధ్యవర్తులు ఆరు నెలల లోపు పిల్లల్ని అమ్మకూడదు, కాబట్టి తల్లిని చూపించనివాళ్ల దగ్గర కొననే కొనకండి.) కాగితంలో రెండు ఆంక్షలూ ఉన్నాయి, ఎప్పుడు తీస్తారో మాత్రం లేదు. "మేం కొన్నాళ్లకి ఇండియా వెళ్లిపోతామండీ" అని బావ చెప్పాక ఆవిడ చాలాసేపు ఆలోచించి, ఎక్స్ కొట్టేసి, ఆర్ కింద తన చేత్తో రాసింది: తుంటి, మోచేయి, కళ్ల రిపోర్టులు బాగుంటే, రెండేళ్లు నిండాక తీస్తాను అని. ఇద్దరూ సంతకం పెట్టారు. దారంతా బావ పరీక్షల ఖర్చు లెక్కేస్తూ గొణుగుతూనే ఉన్నాడు, నేను ఆవిడ పక్షమే.

ఆర్ తీసేసినా క్లబ్ సొంత నియమాలు ఎటూ పోవు. ఏడాది నిండని ఆడకుక్కకి క్రాసింగ్ చేయించకూడదు, ఎనిమిదేళ్లు దాటాక ఈనితే నమోదు చేయరు, ఒక ఆడకుక్కకి నాలుగు ఈతలే, రెండు సిజేరియన్లు అయితే ఇక ఆపాలి.

ఇండియాకి తీసుకెళ్లేవాళ్లకి ఇంకో మాట. ఎక్స్‌పోర్ట్ పెడిగ్రీ ఉంటే చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో మీ కుక్కని నమోదు చేయించుకోవడానికి పనికొస్తుందంతే, శంషాబాద్‌లో దిగడానికి కాదు. దానికి మైక్రోచిప్, టీకాలు, జంతు క్వారంటైన్ వాళ్ల ఎన్‌ఓసీ, ఆ తతంగం వేరే. పైగా అమ్మకానికి పిల్లలు పెట్టించే ఉద్దేశంతో విదేశీ కుక్కల్ని తీసుకురావడాన్ని కేంద్రం 2016లో ఆపేసింది, ఇప్పుడు ఆ నియమం ఎలా ఉందో ముందే కనుక్కోండి. అందుకే "ఇక్కడ ఒక ఆడ కుక్కపిల్లని కొని అక్కడ ఈతలు అమ్ముకుందాం" అని లెక్కలేసేవాళ్లకి నా దగ్గర సలహాలేమీ లేవు.