రంగు చూసి చెక్క బోటు కొనకండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి మరమ్మతులకైనా బేరాలకైనా ఇదే అదను. కాకినాడ దగ్గర ఓ పాత బోటు చూసొచ్చిన మా బావమరిది "నిగనిగలాడుతోంది బావా, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. అమ్మకానికి ముందు వేసిన కొత్త రంగు కింద ఏముందో ఎవరికి తెలుసు?

నేను ముందు చూసేది లోపలి భాగం. చాలామంది ఉప్పునీళ్లకి చెక్క పాడవుతుందనుకుంటారు గానీ పుచ్చిపోవడానికి అసలు కారణం లోపల నిలిచిన వాననీళ్లు. చెక్కని పుచ్చబెట్టేది ఒక రకం బూజు, ఉప్పు దాన్ని అంతగా ఎదగనివ్వదు. అందుకే డెక్కు కింద మూలలు, ఇంజన్ దిమ్మ చుట్టుపక్కల, గాలి ఆడని చోటల్లా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. మెత్తగా దిగిపోయిందంటే ఆ పలక పోయినట్టే. సుత్తితో కొడితే గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా పలుకుతుంది. ఇనుప మేకుల చుట్టూ నల్లటి మరకలుంటే, తుప్పుతో అక్కడి చెక్క కూడా మెత్తబడుతుంది, మేకుకి పట్టు ఉండదు.

ఇక సముద్రపు నీళ్లలో చెక్కని తొలిచే పురుగు. పురుగంటాం గానీ నిజానికి అది గుల్లల జాతి. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది తలంత కన్నంలో దూరి లోపల్లోపలే తొలుచుకుంటూ పెరుగుతుంది, పైన చూస్తే ఏమీ కనపడదు. దీన్ని ఆపడానికి పైన ఫైబర్ పూత వేయిస్తారు, మంచిదే, కానీ తడి ఆరని చెక్క మీద వేస్తే ఆ తడి లోపలే ఉండిపోయి పుచ్చు పెరుగుతుంది, పూతేమో ఊడి వస్తుంది.

ఒడ్డున ఎండిన బోటుకి పలకల సందులు తెరుచుకుంటాయి, దానికి భయపడక్కర్లేదు. సందుల్లో దూది మరీ బిగించకుండా కూరాలి. గట్టిపడిపోయే లప్పం దట్టించేశారనుకోండి, నీళ్లలో దించాక పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. దించిన కొత్తలో కొంచెం నీరు కారడం మామూలే, పలకలు ఉబ్బాక తగ్గుతుంది. తగ్గకపోతేనే టెన్షన్ పడాలి.

మా వాడు చూసిన బోటుకి అడుగంతా ఫైబర్ వేసి ఉంది. ఒకచోట జానెడు మేర చెక్కి చూపించమంటే అమ్మే ఆయన ససేమిరా అన్నాడు, మేమూ బేరం వదిలేశాం. తాళ్లరేవులో బోట్లు కట్టే మేస్త్రులున్నారు, ఈసారి బేరానికి వెళ్లేటప్పుడు వాళ్లలో ఒకరిని వెంటపెట్టుకెళ్లమన్నాను, ఆయన కూలి మనమే ఇచ్చుకున్నా సరే.