రాపూరు ఘాట్‌లో రెండో గేరు

ఆదివారం రాత్రి. అన్నం తిని వరండాలో కూర్చున్నాను. నాయన అప్పుడే నిద్రపోయాడు. నా రెండు చేతుల వేళ్ళూ ఇంకా ఆ స్టీరింగు వెనకే ఉన్నట్టున్నాయి. మర్చిపోకముందే ఇవాళ్టి సంగతి రాసుకోవాలి.

మా పిన్ని కొడుకు శుక్రవారం రాత్రి బెంగళూరు నుంచి కారేసుకుని వచ్చాడు. బీఎండబ్ల్యూ జెడ్4, ఎం40ఐ. రెండే సీట్లు, గుడ్డ టాపు, 3 లీటర్ల 6 సిలిండర్ల ఇంజను, 340 హార్స్‌పవర్, 8 గేర్ల ఆటోమేటిక్. నిన్న సాయంత్రం తాళం నా చేతిలో పెట్టి, "అన్నా, రేపు పెదనాయనను ఎక్కించుకుని యాడికన్నా పోయిరా, నాకు బండితో పని లేదు" అన్నాడు. ఎక్కడికి పోదామని నాయనను అడిగితే ఆయన ఆలోచించనే లేదు. "రాపూరు కొండకు పోదాం" అన్నాడు.

నాయన 31 ఏళ్ళు లారీ తోలాడు. అందులో చాలా కాలం కోడూరు నుంచి మామిడి, అరటి లోడు ఎత్తుకుని చిట్వేలి మీదుగా ఆ కొండెక్కి, రాపూరులో దిగి, నెల్లూరుకు తెచ్చేవాడు. మోకాళ్ళు అరిగి స్టీరింగు వదిలి పన్నెండేళ్ళయింది. ఆ ఘాట్‌ను మళ్ళీ చూడలేదు.

పొద్దున అయిదున్నరకు బయల్దేరాం. లారీ క్యాబిన్‌లోకి పైకి ఎగబాకి ఎక్కడం అలవాటైన మనిషి ఈ కారులోకి కిందికి దిగాల్సి వచ్చింది. డోరు పట్టుకుని, ముందు కూర్చుని, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటీ లోపలికి తీసుకున్నాడు. సర్దుకుని కూర్చోగానే ఆయన కళ్ళు పోయింది నా కాళ్ళ దగ్గరికి.

"క్లచ్ ఏదిరా?"

లేదన్నాను. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ నూనెలో ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు ఉంటాయి, ఇంజను ఒకదాన్ని తిప్పితే ఆ నూనె విసురు రెండోదాన్ని తిప్పుతుంది, బండి కదిలి దారిలో పడ్డాక లోపల ఒక క్లచ్చే ఆ రెండింటినీ లాక్ చేస్తుంది అని చెప్పాను. ఇదే పనికి రెండు క్లచ్చులున్న గేరుబాక్సులు కూడా వస్తున్నాయి. వాటిలో బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి. మూడులో పోతుండగానే నాలుగో గేరు సిద్ధంగా కూర్చుని ఉంటుంది. ఆ సంగతి కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని స్టీరింగు వెనక రెండు పక్కలా ఉన్న చిన్న మీటలు, ప్యాడిల్స్ చూపించి, "మరి ఇవేంది?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. ఆటోనగర్‌లో నా షెడ్డుకు వచ్చే ఆటోమేటిక్ కార్లలో ఈ మధ్య చాలావాటికి ఇవి ఉంటున్నాయి. "ఇవెందుకు?" అని అడగని ఓనరు లేడు. రేసుల్లో వాడతారు సార్, మీకు అక్కర్లేదు అని చెబుతూ వచ్చాను ఇన్నాళ్ళూ. నాయనకు కూడా అదే చెప్పాను. కుడిది లాగితే గేరు పెరుగుతుంది, ఎడమది లాగితే తగ్గుతుంది, చెయ్యి స్టీరింగు వదలక్కర్లేదు.

"ఎవుడు కనిపెట్టాడ్రా?"

1989లో ఫెరారీ రేసు కారుకు జాన్ బర్నార్డ్ అనే ఇంజనీరు పెట్టాడని, గేరు రాడ్డు తీసేస్తే డ్రైవరు కూర్చునే చోటు సన్నగా చెయ్యొచ్చన్నది కూడా ఆయన ఆలోచనేనని, ఆ కారు మొదటి రేసే బ్రెజిల్‌లో నైజెల్ మాన్సెల్ గెలిచాడని చెప్పాను. రోడ్డు కారుకు రావడానికి మాత్రం 1997 దాకా, ఫెరారీ వాళ్ళ ఎఫ్355 దాకా పట్టింది. నాయన తలూపాడు గానీ మనసు అక్కడ లేదు. పొదలకూరు దగ్గర పడుతోంది, నిమ్మతోటలు మొదలయ్యాయి, ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు.

అంతదాకా కారు డీలోనే, అంటే గేర్లు తనే మార్చుకునే పద్ధతిలోనే ఉంది. నేను ప్యాడిల్ ముట్టుకోలేదు. ఊళ్ళలో, సాఫీ రోడ్డు మీద దానితో పని లేదన్నది నా అభిప్రాయం, ఇవాళ కూడా అది మారలేదు. 8 గేర్లను మనిషి ఒక్కొక్కటీ మార్చుకుంటూ కూర్చుంటే ట్రాఫిక్‌లో చూపు చెదురుతుంది. ఒక్క చోట పనికొచ్చింది. పొదలకూరు దాటాక గడ్డి ట్రాక్టరు ఒకటి రోడ్డంతా పరుచుకుని పోతోంది. ఎదురుగా ఖాళీ కనబడబోతుండగానే ఎడమ ప్యాడిల్ రెండుసార్లు లాగి పెట్టుకున్నాను. ఖాళీ దొరికి కాలు నొక్కేసరికి గేరు అప్పటికే పడి ఉంది కాబట్టి బండి వెంటనే అందుకుంది. ప్యాడిల్ లేకుండా కాలు మాత్రమే నొక్కితే గేరుబాక్సు తేల్చుకోవడానికి ఒక క్షణం తీసుకుంటుంది, ఓవర్‌టేక్‌లో ఆ క్షణం విలువైనది. దాటాక నేనేమీ చెయ్యకపోయినా కాసేపటికి డీలోకి అదే వెళ్ళిపోయింది.

రాపూరులో టీ తాగి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి రెండు మలుపులూ డీలోనే పోయాను. మలుపు ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తానా, కారు దాన్ని తీరిక అనుకుని గేరు పెంచేసుకుంటుంది. మలుపు తిరిగి మళ్ళీ కాలు నొక్కితే, అయ్యో కొండ ఉంది కదా అన్నట్టు దించుకుంటుంది. ఇంజనులో బలం లేక కాదు, బలానికి కొదవే లేదు. దానికి కళ్ళు లేవు. స్పీడు తెలుసు, నా కాలు ఎంత నొక్కిందో తెలుసు, ఏటవాలు కూడా కొంత తెలుస్తుంది, కానీ ముప్ఫై గజాల అవతల రోడ్డు వెనక్కి తిరిగి పైకి లేస్తోందని దానికెలా తెలుస్తుంది? అది నాకు మాత్రమే కనబడుతోంది.

గేరు రాడ్డును ఎడమకు నెట్టి, ప్యాడిల్స్‌తో నా చేతిలోకి తీసుకున్నాను. అలా చేస్తే తిరిగి డీలోకి తనంతట తాను పోదు. తరవాతి మలుపు బాగా ముడుచుకుని ఉంది. స్టీరింగు సగం పైన తిప్పేశాక, మూడు సరిపోదు, రెండు కావాలనిపించింది. ఎడమ ప్యాడిల్ కోసం ఎడమ వేళ్ళతో వెతికితే అది అక్కడ లేదు. ఈ కారులో ప్యాడిల్స్ స్టీరింగుకే బిగించి ఉంటాయి, చక్రంతో పాటు తిరుగుతాయి. ఎడమది అవతలికి పోయింది, నా వేళ్ళకు దొరికింది కుడిది. లాగాను. నాలుగు పడింది. బండి నీరసించి గుర్రుమంది.

నాయన ఇటు తిరగలేదు. రోడ్డునే చూస్తూ, "మలుపులోకి దూరినాక గేరేందిరా? బైటే వేసుకోవాల" అన్నాడు.

ఆ మాట లారీలో కూర్చుని చెప్పాల్సింది. అయినా ఈ కారుకు అక్షరాలా సరిపోయింది. ఆ తర్వాత ప్రతి మలుపు ముందూ, స్టీరింగు తిన్నగా ఉండగానే ఎడమది లాగి రెండో గేరు వేసుకుని, అదే గేరులో తిరిగి, బయటపడి చక్రం తిన్ననయ్యాక కుడిది లాగాను. కొన్ని ఖరీదైన కార్లలో ప్యాడిల్స్ చక్రంతో తిరక్కుండా వెనక కడ్డీకి స్థిరంగా ఉంటాయి. అవైనా ఇంతే, ముందుగా వేసుకోవడమే మంచిది.

పైన కాసేపు ఆగాం. వెలిగొండ గాలి చల్లగా ఉంది. నాయన రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, కర్రతో నేల మీద కొట్టి, "ఇప్పుడు రైలు కిందనే పోతా ఉందంట గదా" అన్నాడు. ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం పోయే లైను; చెర్లోపల్లికీ రాపూరుకూ నడుమ 6.6 కిలోమీటర్ల సొరంగం, 2019లో తెరిచారు. ఆయన లోడుతో ఈ కొండ మీద రాత్రిళ్ళు తిరిగినప్పుడు ఆ దారి లేదు. ఎక్కడ ఎవరి బండి ఆగిపోయిందో, ఏ మలుపు దగ్గర నీళ్ళు దొరికేవో చెప్పుకొచ్చాడు. నేను వింటూ కూర్చున్నాను. తర్వాత చిట్వేలి దాకా పోయి, దోశ తిని, వెనక్కి తిరిగాం.

అసలు సంగతి దిగేటప్పుడు జరిగింది.

మళ్ళీ డీలో పెట్టి దిగడం మొదలుపెట్టాను. 40 స్పీడులో అయిదో గేరు చూపిస్తోంది, నిమిషానికి ఇంజను చుట్లు చూపే ముల్లు 1,300 దగ్గరుంది. ఇంజను బండిని పట్టుకోవడం లేదు, వదిలేసింది. బ్రేకు నొక్కడం, వదలడం, అది ఊపందుకోవడం, మళ్ళీ నొక్కడం. మూడో మలుపు దగ్గర ముందు పోతున్న లారీ నుంచి కాలిన వాసన వచ్చింది. షెడ్డులో ఆ వాసన నాకు రోజూ పరిచయమే. కొండ దిగొచ్చిన బండ్ల డ్రమ్ములు విప్పితే నీలం తిరిగి ఉంటాయి, లైనర్లు గాజులా నున్నబడి ఉంటాయి. అలాంటి బ్రేకు ఎంత తొక్కినా పట్టదు.

నాయనకూ ఆ వాసన తగిలింది. "బ్రేకును నమ్ముకోబాక" అన్నాడు. "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల."

ఎడమ ప్యాడిల్ లాగాను. నాలుగు. మళ్ళీ లాగాను, మూడు. మళ్ళీ, రెండు. ప్రతిసారీ నేను యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే ఇంజను దానంతటది ఒక చిన్న రేజు ఇచ్చింది, వ్రూమ్ అని, ఆ వెంటనే గేరు మెత్తగా కూర్చుంది. ముల్లు 3,400కు పోయింది. ఎవరో వెనక నుంచి తాడు పట్టుకుని ఆపినట్టు బండి నిలదొక్కుకుంది. బ్రేకు మీద కాలు లేదు, అయినా 40 దాటడం లేదు.

నాయన ఒక్కసారిగా నా వైపు తిరిగాడు.

"డబుల్ క్లచ్ కొడతా ఉందిరా ఇది!"

ఆ ముఖం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. ఆయన మొదట్లో తోలిన లారీల్లో గేరు దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్ చెయ్యాలి, క్లచ్ వదిలి ఒక రేజు ఇవ్వాలి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. రేజు తక్కువైతే పళ్ళు గరగరమని కోసుకుంటాయి, ఎక్కువైతే బండి ఎగిరిపడుతుంది. లోపల తిరిగేవాటి వేగాలు కలవాలి, దానికి చెవే కొలత. ఆ కొలత ఇప్పుడు ఒక చిన్న కంప్యూటరు చూస్తోంది. "మళ్ళొకసారి కొట్టు" అన్నాడు. మూడుకు పెంచి, మళ్ళీ రెండుకు దించాను. ఆయన ఎడమ అరచెయ్యి మోకాలి మీద మూతపడి, సరిగ్గా ఆ శబ్దానికే ముందుకు వాలి వెనక్కి వచ్చింది. అక్కడ ఏ రాడ్డూ లేదు. ఆయనకది తెలిసినట్టు లేదు.

కొండ దిగేదాకా అలాగే వచ్చాం. ఒక చోట తిన్నటి రోడ్డు మీద 60లో ఉండగా ఒకటో గేరు అడిగి చూశాను, ఇవ్వలేదు. ఇంజను విరిగిపోయే గేరు అది వెయ్యదు. భయపడేవాళ్ళకు ఈ మాట చెప్పాలి. ఇంకొకటి కూడా చెప్పాలి: గేరుతో బండి నెమ్మదిస్తే వెనక బ్రేకు లైటు వెలగదు. వెనక ఎవరైనా దగ్గరగా వస్తుంటే బ్రేకును ఒకసారి తాకి లైటు చూపించడం మంచిది. ఇక న్యూట్రల్‌లో దించి డీజిల్ మిగుల్చుకునే అలవాటు మా రోడ్డు మీద ఇంకా ఉంది. ఇప్పటి ఇంజన్లలో అది పూర్తిగా తప్పు. గేరులో ఉండి కాలు తీస్తే ఇంజన్లోకి చుక్క కూడా పోదు, బండి చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లోనే ఇంజను బతకడానికి డీజిల్ తాగుతుంది. నాయనకు చెబితే, "ఈ మాట అప్పుడు మా క్లీనర్లకు చెప్పేవాడు లేడు" అన్నాడు.

రాపూరులో దిగాక ఆగి ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. రిమ్ము వెచ్చగా ఉంది, అంతే.

రేపటి నుంచి షెడ్డులో ఎవరైనా ఇవెందుకని అడిగితే రేసులని చెప్పను. ముందు పెంచలకోన పోతారా, శ్రీశైలం పోతారా, తిరుమల పోతారా అని అడుగుతాను. దిగేటప్పుడు ఎడమది లాగండి అని చెబుతాను. కూర్చోబెట్టి ఒకసారి లాగించి చూపిస్తాను కూడా.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. తాళం తీసుకుంటూ, "ఎంత స్పీడు కొట్టావన్నా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపల నాయనే అందుకున్నాడు.

"రెండో గేర్లో దించాడ్రా కొండంతా" అన్నాడు. "బ్రేకు తొక్కలా."