కుట్టాను కాదు, కుట్టించాను: ఇంగ్లీషులో మన 'ఇంచు' ఎక్కడుంది?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగిళ్లలో పిల్లలకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు. బడిలో ప్యాసివ్ వాయిస్ పాఠం వచ్చేసరికి "రాముడు ఉత్తరం రాసెను" అన్నదాన్ని "ఉత్తరం రామునిచేత వ్రాయబడెను" అని తిప్పిస్తారు. ఆ 'బడు' మన నోట్లో ఉండదు. ఇంట్లో ఎవరూ "అన్నం నాచేత తినబడింది" అనరు కదా. దాంతో ప్యాసివ్ అంటే పరీక్షలో తిప్పి రాసేదే అన్న భావం పిల్లల్లో పాతుకుపోతుంది.

మనం రోజూ వాడాల్సిన ప్యాసివ్ ఇంకొకటుంది. అది 'బడు'కి కాదు, 'ఇంచు'కి జోడీ. కుట్టించాను, తవ్వించాను, పీకించుకున్నాను, రిపేరు చేయించాను అనేవాటిని ఇంగ్లీషులో చెప్పే పద్ధతి అది. ముందు నేర్పాల్సింది దాన్నే అని నా గట్టి అభిప్రాయం.

అది రాకపోతే మాట ఎలా తప్పుతుందో చూడండి. "ఐ స్టిచ్డ్ దిస్ బ్లౌజ్" అంటే మీరే మిషను తొక్కి కుట్టారని అర్థం. "ఐ రిపేర్డ్ మై బైక్" అంటే పానా మీ చేతిలోనే ఉంది. "ఐ రిమూవ్డ్ మై టూత్" అని డాక్టరుతో అంటే ఆయన కంగారు పడతారు. షుగర్ సంగతి ఇంకా స్పష్టం. ఇంట్లో మిషనుతో వేలు గుచ్చి చూసుకుంటే "ఐ చెక్డ్ మై షుగర్" సరైనదే. ల్యాబులో రక్తం ఇచ్చి వస్తే మాత్రం "ఐ హ్యాడ్ మై షుగర్ చెక్డ్" అనాలి. జుట్టు దగ్గర ఇంగ్లీషు వాళ్లే కాస్త వదులుగా "ఐ కట్ మై హెయిర్" అనేస్తుంటారు, అది విని మిగతావాటికీ అదే సూత్రం పట్టించకూడదు.

కట్టుబడి ఇది: హ్యావ్ లేదా గెట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం (డూ, డిడ్, డన్ లో డన్ లాంటిది). "పిన్నీ, ఈ జాకెట్టు ఎక్కడ కుట్టించేవు?" అన్నదాన్ని ఇందులోకి తెద్దాం. 'కుట్టించేవు'లోంచి 'ఇంచు' తీసేస్తే 'కుట్టు' మిగులుతుంది, దాని ఇంగ్లీషు మూడో రూపం 'స్టిచ్డ్'. అది చివరికి పోతుంది. జాకెట్టు మధ్యలోకి వస్తుంది. తీసేసిన 'ఇంచు' పని 'గెట్' చేస్తుంది, కాలం కూడా దాని మీదే ఉంటుంది. "వేర్ డిడ్ యూ గెట్ దిస్ బ్లౌజ్ స్టిచ్డ్?" "వేర్ యూ స్టిచ్డ్ దిస్ బ్లౌజ్?" అంటే వ్యాకరణం తప్పడం ఒకటి, ఏ గదిలో కూర్చుని కుట్టేవని అడిగినట్టు ఉండడం ఇంకొకటి.

మనకున్న 'కొను' కూడా ఇక్కడ దారి చూపిస్తుంది. 'పీకించాను' అంటే ఎవరి పన్నైనా కావచ్చు. 'పీకించుకున్నాను' అంటే నాదే. ఆ 'కొను' ఇంగ్లీషులో 'మై' అవుతుంది. పిల్లాడి పన్నయితే "ఐ గాట్ మై సన్స్ టూత్ టేకెన్ అవుట్", నాదైతే "ఐ గాట్ మై టూత్ టేకెన్ అవుట్". ఒడియా బాగా వచ్చినవాళ్లకి ఇంకో దారీ ఉంది. అక్కడ 'కరిబా'కి 'కరాయిబా' జోడీ, హిందీలో 'కర్‌నా'కి 'కర్‌వానా'. ఏ భాషలో 'చేయించు' వాడతారో ఇంగ్లీషులో అక్కడ ఈ గెట్ వస్తుంది. మన పక్క పిల్లలకి రెండు మూడు భాషల్లో ఈ తేడా ముందే తెలుసు. దాన్ని గుర్తు చేస్తే సగం పాఠం అయిపోయినట్టే.

ఒక్క చిక్కుంది. 'కత్తిరించు', 'పరీక్షించు' లాంటి మాటల్లో 'ఇంచు' పుట్టుకతోనే ఉంది. "జుట్టు కత్తిరించుకున్నాను" అన్నప్పుడు కత్తెర ఎవరి చేతిలో ఉందో తెలుగు చెప్పదు. అలాంటిచోట "పని ఎవరు చేశారు?" అని అడుగుకోవాలి. వేరేవాళ్లు అని జవాబొస్తే ఈ కట్టుబడే వాడాలి.

వరస మాత్రం మార్చకూడదు. "ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్" అంటే మెకానిక్కు చేత చేయించాను. "ఐ హ్యాడ్ రిపేర్డ్ మై బైక్" అంటే అప్పటికే నేనే బాగుచేశాను. మాటలు అవే, బైక్ ఒక్కటి జరిగింది, అర్థం మొత్తం తిరగబడింది. అనుమానముంటే 'హ్యాడ్' బదులు 'గాట్' వాడండి, ఈ గొడవ ఉండదు. 'ఇట్' కూడా మధ్యలోనే ఉండాలి. "గెట్ ఇట్ డన్" అనాలి, "గెట్ డన్ ఇట్" అనే మాటే లేదు.

కాలం గురించి భయం అక్కర్లేదు, మూడో రూపం ఎప్పుడూ కదలదు. తహశీల్ ఆఫీసుకి కాగితాలు సిద్ధం చేసుకుంటున్న కుర్రాడు రోజంతా ఈ ఒక్క కట్టుబడితో గడిపేయొచ్చు. అటెస్ట్ చేయించాలి: "ఐ హ్యావ్ టు గెట్ ఇట్ అటెస్టెడ్." చేయిస్తున్నాను: "అయామ్ గెటింగ్ ఇట్ అటెస్టెడ్." చేయించాను: "ఐ గాట్ ఇట్ అటెస్టెడ్." చేయించలేదు: "ఐ డిడ్‌న్ట్ గెట్ ఇట్ అటెస్టెడ్." ఇంకా చేయించలేదు: "ఐ హ్యావెంట్ హ్యాడ్ ఇట్ అటెస్టెడ్ యెట్." ఈ చివరిదాంట్లో హ్యావ్, హ్యాడ్ పక్కపక్కన వచ్చేసరికి తప్పేమో అని చాలామంది ఆగిపోతారు. తప్పు కాదు, మొదటిది కాలానికి, రెండోది చేయించడానికి. ప్రశ్నకి మాత్రం 'డిడ్' కావాలి. "డిడ్ యూ హ్యావ్ యువర్ బైక్ సర్వీస్‌డ్?" అనాలి, "హ్యాడ్ యూ యువర్ బైక్ సర్వీస్‌డ్?" అనకూడదు.

హ్యావ్, గెట్ రెండింట్లో గెట్ మాట్లాడే భాష, హ్యావ్ కాస్త మర్యాదగా, రాతకి దగ్గరగా ఉంటుంది. పిల్లాడికి చెప్పేటప్పుడు "గెట్ యువర్ హెయిర్ కట్" అనే అంటారు.

పని చేసిన మనిషిని మధ్యలోకి తెస్తే క్రియ రూపం మారుతుంది, ఎక్కువ తప్పులు ఇక్కడే. "ఐ హ్యాడ్ ద టైలర్ స్టిచ్ ఇట్" లో 'టు' లేదు. "ఐ గాట్ ద టైలర్ టు స్టిచ్ ఇట్" లో 'టు' ఉండాలి. 'కుట్టించాను' కదా అని "ఐ మేడ్ ద టైలర్ స్టిచ్ ఇట్" అంటే బలవంతంగా, ఆయనకి ఇష్టం లేకపోయినా కుట్టించినట్టు వినిపిస్తుంది. డబ్బిచ్చి చేయించుకున్న పనికి 'మేడ్' వాడి ఆ మనిషిని తక్కువ చేసినట్టు మాట్లాడకూడదు. అసలు చాలాసార్లు మనిషి పేరే అవసరం లేదు, చోటు చెబితే చాలు: "ఐ గాట్ ఇట్ స్టిచ్డ్ ఇన్ బరంపురం."

ఇదే కట్టుబడి మనం చేయించని పనికీ వస్తుంది. "షి హ్యాడ్ హర్ ఫోన్ స్టోలెన్ ఆన్ ద ట్రెయిన్" అంటే ఆవిడ ఎవరితోనో దొంగతనం చేయించిందని కాదు, ఫోను పోయి నష్టం ఆవిడకి తగిలిందని. తెలుగులో ఇక్కడ 'ఇంచు' రాదు, "రైల్లో ఆవిడ ఫోను ఎవరో కొట్టేశారు" అంటాం. ఇలాంటి నష్టాలకి గెట్ కన్నా హ్యావ్ వాడడం క్షేమం. గెట్ వాడితే కొన్నిసార్లు తప్పు ఆవిడదే అన్న ఛాయ వస్తుంది.

మిగిలింది పలికే తీరు. "ఐ గాట్ మై బైక్ రిపేర్", "ఐ గాట్ ఇట్ స్టిచ్" అని చాలామంది అనడానికి కారణం చివరి అక్షరం వాళ్ల చెవిన పడకపోవడమే. మూడో రూపం చివర రాసే ఆ 'ఈడీ' (-ed) మూడు రకాలుగా పలుకుతుంది. స్టిచ్డ్, ఫిక్స్‌డ్, జిరాక్స్‌డ్ అని మనం 'డ్' రాస్తాం గానీ నోట్లో అది 'ట్'. రిపేర్డ్, పుల్డ్ లలో నిజంగానే 'డ్'. టెస్టెడ్, అటెస్టెడ్ లలో ఒక అక్షరం అదనంగా 'ఇడ్' అని వినిపిస్తుంది. డిగ్‌కి డగ్, టేక్‌కి టేకెన్, రైట్‌కి రిటెన్, డూకి డన్ కంఠస్థం చేయాల్సిందే. కట్ మాత్రం మారదు, కట్ గానే ఉంటుంది. సాధన చేసేటప్పుడు మూడో రూపం తర్వాత అచ్చుతో మొదలయ్యే మాట పెట్టండి. 'స్టిచ్డ్ ఇన్' ని కలిపి అంటే 'స్టిచ్-టిన్' అవుతుంది, 'రిపేర్డ్ ఎట్' 'రిపేర్-డెట్' అవుతుంది. విడిగా మింగేసే ఆ అక్షరం అప్పుడు తనంతట తానే బయటికి వస్తుంది.