కొడుకు అర్జీదారు, తల్లి లబ్ధిదారు

అమెరికాలో బిడ్డ పుడితే అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు వచ్చేసినట్టేనని మా ఆడపడుచు ఇప్పటికీ వాదిస్తుంది. బిడ్డకు పౌరసత్వం పుట్టుకతోనే వస్తుంది, నిజమే. కానీ ఆ బిడ్డ తల్లిదండ్రుల కోసం అర్జీ పెట్టాలంటే 21 ఏళ్లు నిండాలి. ముందే పంపితే చెల్లదు. మా అబ్బాయి 2004లో న్యూజెర్సీలో పుట్టాడు. అంటే 2025 దాకా వాడి పౌరసత్వం మా నివాస హక్కుకు పూచికపుల్లంత సాయం కూడా చేయలేదు.

మధ్యలో కొన్నేళ్లు హైదరాబాద్ వెళ్లి, 2011లో మళ్లీ హెచ్-1బి ఉద్యోగ వీసా మీద తిరిగొచ్చాం. మా ఆయన ఉద్యోగం తరఫున ఈబీ-2 అనే గ్రీన్ కార్డు వరుసలో మా ప్రాధాన్య తేదీ, అంటే వరుసలో మా చోటు చెప్పే తేదీ, 2014. ఉద్యోగ కోటా ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు, అందులో ఏ దేశానికైనా పరిమితి ఏడు శాతం. వరుస ఎంత కదిలిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూడడం మా ఇంట్లో పంచాంగం చూడడం లాంటిదైపోయింది. పౌరుల తల్లిదండ్రులకు మాత్రం కోటా లేదు, వరుసా లేదు. చట్టం వాళ్లను తక్షణ బంధువులుగా లెక్కిస్తుంది. అందుకే బంధుత్వం చూపే ఐ-130 అర్జీ, గ్రీన్ కార్డుకు హోదా మార్పు కోరే ఐ-485 ఒకేసారి పంపాం. తల్లికి ఒక అర్జీ, తండ్రికి మరొకటి. భర్త కాగితాల మీద భార్య గట్టెక్కడం ఉద్యోగ వరుసలో కుదురుతుంది, ఇక్కడ కుదరదు. రుసుము తలకు ఐ-130కి 675 డాలర్లు, ఆపైన ఐ-485కి 1,440.

అసలు తిప్పలు నా పేరుతో వచ్చాయి. వాడి జనన ధ్రువపత్రంలో నా పుట్టింటి పేరు, పాస్‌పోర్టులో మా ఆయన ఇంటిపేరు. రెంటినీ కలిపే కాగితం వివాహ ధ్రువపత్రమే. తండ్రి అర్జీకి అది ఎలాగూ ఉండాలి. ఇక నా పుట్టుక ఎక్కడా నమోదే కాలేదు. మా అన్నయ్య ఊళ్లో తిరిగి, నమోదు లేదన్న పత్రం సంపాదించాడు. దానికి తోడు పదో తరగతి సర్టిఫికెట్, అమ్మ, మేనమామ ఇచ్చిన అఫిడవిట్లు. ‘ఈమె జననం నాకు స్వయంగా తెలుసు’ అన్న వాక్యం నోటరీ చదివి వినిపిస్తే అమ్మ, “కన్నదాన్ని నేనే కదా, నాకు తెలుసని సంతకం పెట్టాలా?” అందట. పెట్టాలి. పెట్టింది.

తర్వాతి గండం ఐ-864, అంటే మమ్మల్ని పోషిస్తానని అర్జీదారు ఇచ్చే హామీ. కొడుకు ఇంకా విద్యార్థి, జీతం లేదు. ఆదాయం పేదరిక ప్రమాణానికి 125 శాతమైనా ఉండాలి, లేదంటే మరొకరు పూచీ పడాలి. పూచీ అడగడం నాకు అప్పు అడగడం కన్నా కష్టం. చాలామందికి తెలియని వెసులుబాటు అక్కడే దొరికింది. సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 త్రైమాసికాల పని ఉన్నవాళ్లకు ఈ హామీ అక్కర్లేదు. ఏడాదికి నాలుగు చొప్పున మా ఆయనకు అవి ఎప్పుడో దాటాయి. పెళ్లయ్యాక భర్త సంపాదించిన త్రైమాసికాలు భార్య ఖాతాలోనూ లెక్కకొస్తాయి. ఇన్నేళ్లూ జీతంలో కోసుకున్న పన్ను అలా మా ఇద్దరికీ పనికొచ్చింది. మినహాయింపు ఐ-485లోనే కోరాం, ఆదాయ వివరాల పత్రం జతచేశాం.

వైద్య పరీక్ష మామూలే. డాక్టరు సీలు వేసిన కవరు మనం తెరవకూడదు. 2024 డిసెంబరు నుంచి దాన్ని దరఖాస్తుతోపాటే పంపాలి. అవును, కాదు ప్రశ్నల్లో ఏనాడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా అన్నదీ ఉంది. మా మామగారి తరంలో సగం ఊరు ఇక్కడే ఆగిపోయేది! ఇంటర్వ్యూలో మమ్మల్ని పెద్దగా అడిగిందేమీ లేదు.

నన్ను కుంగదీసింది వేరు. పెద్దమ్మాయి 2001లో హైదరాబాద్‌లో పుట్టింది. 21 దాటగానే మా మీద ఆధారపడిన హెచ్-4 వీసా పోయి విద్యార్థి వీసా ఎఫ్-1కి మారింది. తక్షణ బంధువుల విభాగంలో వెంట పిల్లల్ని తీసుకెళ్లే వీలే లేదు, చిన్నపిల్లలైనా సరే. తమ్ముడి పౌరసత్వం అమ్మానాన్నల దగ్గర ఆగిపోయింది. కార్డు చేతికి రాగానే నేను అమ్మాయి కోసం ఎఫ్2బి అర్జీ వేశాను, గ్రీన్ కార్డుదారులు 21 దాటిన పిల్లల కోసం వేసేది. అది పెళ్లికాని సంతానానికే. నేను పౌరురాలిని కాకముందే తను పెళ్లి చేసుకుంటే అర్జీ రద్దవుతుంది. సంబంధాలు చెప్పేవాళ్లకు ఈ సంగతి ఎలా వివరించాలో నాకు తెలియడం లేదు. తమ్ముడు కూడా అక్క కోసం ఎఫ్4, అంటే పౌరుల తోబుట్టువుల అర్జీ వేశాడు. పెళ్లయినా అది చెల్లుతుంది గానీ, ఆ వరుస పదిహేనేళ్లకు పైమాటే. పైగా వలస అర్జీ ఉన్నవాళ్లకు విద్యార్థి వీసా స్టాంపు పడడం కష్టం. హెచ్-1బి వచ్చేదాకా ఇండియా ప్రయాణం వద్దని అమ్మాయే తేల్చి చెప్పింది.