అమ్మ వేలు పడని ఫోను

మా అమ్మ పలాసలో ఇరవై రెండేళ్లుగా జీడిపిక్కలు కొడుతోంది. పెంకులోంచి చిమ్మే జీడినూనె వేళ్ల కొసల్ని తినేసింది. నల్లగా, నున్నగా ఉంటాయి, ఒక్క గీత కనబడదు. ఫోను ఆ వేలిని గుర్తుపట్టక, లాక్ తీయించేసుకుంది. యూపీఐ పిన్ చీటీ మీద రాసి కవరు వెనక పెట్టుకుంది. కిందటి కార్తీకంలో కాశీబుగ్గ బస్టాండులో ఆ ఫోనే పోయింది.

"బావూ, ఫోను పోనాది. సీటీ కూడా దాన్లోనే ఉండిపోనాది" అని ఎవరిదో ఫోను అడిగి తీసుకుని చెప్పింది.

నేను శ్రీకాకుళంలో ఉన్నాను. స్టేషనూ సిమ్మూ తర్వాత, ముందు బ్యాంకు హెల్ప్‌లైన్ అనుకున్నాను. మన అజాగ్రత్త వల్ల డబ్బు పోతే, బ్యాంకుకి చెప్పేదాకా నష్టం మనదే, చెప్పాక పోయింది బ్యాంకుదే. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నియమం ఇది. అందుకే ప్రతి నిమిషమూ లెక్కే. అమ్మని లైన్లో కలిపి వివరాలు ఆమె చేతే చెప్పించి, యూపీఐ, ఏటీఎం కార్డు రెండూ ఆపించాను. ఫిర్యాదు నంబరు, టైము రాసుకున్నాను. అప్పటికే రెండు వేలు పోయాయి. ఆ తర్వాత సిమ్ ఆపించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను.

మర్నాడు డూప్లికేట్ సిమ్ దగ్గర ఆగిపోయాం. మిషను మీద పది వేళ్లూ పెట్టించారు. ఒక్కటీ పడలేదు. వెనక జనం విసుక్కుంటుంటే అమ్మ చేతులు కొంగులో దాచేసుకుంది. మమ్మల్ని పెంచిన చేతులవి. తప్పు చేసినట్టు అలా దాక్కుంటే చూడలేకపోయాను. వేరే పద్ధతి ఉంటుంది కదా అని గట్టిగా అడిగాను. ఒరిజినల్ ఆధార్ కార్డు చూసి, అమ్మకి అక్కడే ఫొటో తీసి సిమ్ ఇచ్చారు.

ఇలా తీసుకున్న డూప్లికేట్ సిమ్‌కి మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు, పోవు. మన పేరు మీద దొంగ సిమ్ తీసినవాడికి వెంటనే ఓటీపీలు అందకూడదని పెట్టిన ఏర్పాటు. యూపీఐ నమోదుకి ఫోన్లోంచి మెసేజ్ వెళ్లాలి కాబట్టి ఆ రోజంతా ఆగాం. ఈలోగా స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాం. సిమ్‌కి మెసేజ్‌లు మొదలయ్యాక, పాత ఫోను డబ్బా మీది ఐఎంఈఐ నంబరుతో, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరుతో, ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో పోయిన ఫోన్ని బ్లాక్ చేయించాను.

కొత్త ఫోనుకి వేలిముద్ర బదులు చుక్కలు కలిపే లాక్ పెట్టాను. వాకిట్లో వేసే ముగ్గులో ఒక మూల అది, అమ్మ వేలు తడబడలేదు. సిమ్‌కి కూడా పిన్ పెట్టాను. లేకపోతే దొంగ దాన్ని వేరే ఫోన్లో వేసి ఓటీపీలు చూసేస్తాడు. జీతం పడే ఖాతాని యూపీఐ నుంచి తీసేసి, ఖర్చుకి సరిపడా డబ్బుండే రెండో ఖాతా కలిపాను.

చివరికి యూపీఐ పిన్. పుట్టిన సంవత్సరం వద్దన్నాను. "మరేటి పెట్టను?" అంది. "నీకు గుర్తుండేదేదో పెట్టు, నాకూ చెప్పకు" అని గోడవైపు తిరిగి నిలబడ్డాను. అమ్మ ఒక్కొక్క అంకే నొక్కుతుంటే టిక్కుటిక్కుమని వినబడింది. రెండోసారి కూడా నొక్కి, "అయిపోనాది, ఇటు తిరుగు" అంది.