సిటిజన్‌షిప్ టెస్టులో నా పరువు పోయిన వైనం

నిన్ననే నా అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అయింది. పాసయ్యాను. దరఖాస్తుకి ఎన్-400 ఫారం నింపడం, వేలిముద్రలివ్వడం పెద్ద పనేం కాదు. లాయరుకిచ్చిన డబ్బే దండగ. కాగితాలన్నీ వెతికిచ్చింది నేను, టైపు చేసింది ఆయన.

2025 అక్టోబర్ 20కి ముందే అప్లై చేశాను కాబట్టి నాకు పాత టెస్టే పడింది. 100 ప్రశ్నల్లోంచి 10 దాకా అడుగుతారు, 6 చెబితే చాలు. ఆ తేదీ నుంచి అప్లై చేసినవాళ్ళకు 128 ప్రశ్నలు. 20 దాకా అడుగుతారు, 12 రావాలి. ఎంసెట్ రాసిన ప్రాణానికి ఇదొక లెక్కా! వారంలో బట్టీ కొట్టేశాను. రాజ్యాంగం రాసింది 1787లో, ఫ్రాన్స్ దగ్గర లూసియానా కొన్నది 1803లో. ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్ట్ పేపర్స్ అనే వ్యాసాలు రాసినవాళ్ళలో ఒక్క పేరు చాలు, నాకు ముగ్గురూ వచ్చు.

మొదటి నాలుగూ టకటకా చెప్పేశాను. అప్పటి వలసరాజ్యాల జనం బ్రిటిష్‌వాళ్ళ మీద ఎందుకు తిరగబడ్డారని నాలుగోది. పన్నులు! ఉప్పు సత్యాగ్రహం చదివినవాణ్ణి, అది నాకొకరు చెప్పాలా? ఆ ఊపులోనే ఐదోది వచ్చింది. యూరప్‌వాళ్ళు రాకముందు ఇక్కడ ఎవరుండేవారు?

"రెడ్ ఇండియన్స్" అనేశాను.

ఆఫీసరమ్మ రాయడం ఆపి తలెత్తింది. "ఇక్కడ మేం అలా అనం" అంది నెమ్మదిగా. కోప్పడినా బాగుండేది. చెవులు వేడెక్కాయి. "నేటివ్ అమెరికన్స్" అన్నాను, గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ చెప్పమంది. చెప్పాను. రాసుకుంది. జాతి వివక్షను అంతం చేయడానికి సాగిన ఉద్యమం పేరేమిటన్నది ఆరో ప్రశ్న. "సివిల్ రైట్స్ మూవ్‌మెంట్" అన్నాను, ఆమె ముఖం చూడకుండా టేబుల్ వంక చూస్తూ.

సరైన జవాబు బట్టీలో ఉంది మరి. కానీ టెన్షన్‌లో నోటికొచ్చేది చిన్నప్పుడు బళ్ళో నేర్చిన మాటే. అందుకే మనసులో చదువుకుంటే కుదరదు, ఎవరిచేతైనా అడిగించుకుని పైకి చెప్పండి. ఇదే మాటకు మా అమ్మాయి నెల క్రితం "నాన్నా, అలా అనకూడదు" అంటే, "మాకు తెలీదా, నువ్వు చెప్పాలా" అని కసిరాను కూడా.

సాయంత్రం ఆ అమ్మాయే అడిగింది, ఎన్ని వచ్చాయని. ఆరుకి ఆరు అన్నాను. ప్రమాణ స్వీకారం తేదీ ఇంకా రాలేదు.